వీఏ నంబరు ప్లేటు, ఆరడుగుల పెట్టె

ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగి, కాగితాలన్నీ పక్కాగా చేయించి, చివరికి సొంత మామ్మ శవపెట్టెని కొండ మలుపులో ఆపి టైర్ల కింద రాళ్లు పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఎదురుగానే కూర్చున్నాను. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి. నవ్వొస్తే ఆపుకోకండి. మా ఊళ్లో నవ్వాల్సినవాళ్లు ఎప్పుడో నవ్వేశారు. తిట్టాల్సినవాళ్లు మాత్రం ఇంకా తిడుతున్నారు.

మాది పనసగుడ. అరకు నుంచి ఘాట్ రోడ్డు మీద పద్నాలుగు కిలోమీటర్లు వచ్చాక ఎడమవైపు మట్టిదారి తగులుతుంది. అక్కణ్ణుంచి ఆరు కిలోమీటర్లు ఎక్కుడు, తొమ్మిది మలుపులు, ఆరో మలుపు దాటాక ఒక గెడ్డ, అంటే కొండవాగు. వాన పడితే గెడ్డ పొంగుతుంది. పొంగిందంటే ఆ పూటకి మా ఊరు వేరే దేశం కిందే లెక్క. ముప్పై ఎనిమిది ఇళ్లు, ఒక చర్చి, ఒక జీపు. ఆ జీపు మాది.

తాతయ్య మిషన్ ఆసుపత్రిలో డ్రైవరుగా చేసేవాడు. ఆసుపత్రి మూసేసి వెళ్లిపోయేటప్పుడు దొరగారు జీపుని తాతయ్య పేరున రాసిచ్చేశారు. తాతయ్య తర్వాత నాన్న చేతికొచ్చింది. పెట్రోలు ఇంజను మా కొండ ఎక్కలేక దగ్గుతుంటే నాన్న దాన్ని పీకేసి, తుక్కు కింద పోయిన వ్యానుది డీజిలు ఇంజను తెచ్చి బిగించాడు. వెనకాల బాడీని రెండున్నర అడుగులు పొడుగు చేయించి బెంచీలు వేయించాడు. సంత రోజు అందులో పద్నాలుగు మంది, నాలుగు కాఫీ బస్తాలు, రెండు మేకలు. పాము కరిచినా, పురిటి నొప్పులొచ్చినా, పిల్లలు పరీక్షకి పోవాలన్నా అదే బండి. ముందు సీట్లో నాన్న పక్కన మాత్రం మామ్మ. ఆ సీట్లో ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. మామ్మ లేని రోజు కూడా.

నా పేరు రూతు. డిగ్రీ అయ్యాక అందరూ విశాఖ పోతుంటే నేను ఇక్కడే ఉండి టూరిస్టులకి కాఫీ తోటలు చూపించే పని మొదలుపెట్టాను. లెక్కల్లో నాకు బుర్రా ఫాస్టే, నోరూ ఫాస్టే. ఈ కథలో నష్టం మొత్తం ఆ రెండింటి వల్లే.

ఈ వేసవిలో ఒక చెకింగులో నాన్న ఆర్‌సీ చూపించాడు. ఆర్‌సీలో ఉన్నది పెట్రోలు ఇంజను, బండిలో ఉన్నది డీజిలు. ఆర్‌సీలో పొడుగు ఒకటి, కళ్లెదుట పొడుగు ఇంకొకటి. గడువైతే ఎప్పుడో దాటిపోయింది. "సరిచేయించుకోండి పెద్దాయనా, ఈసారి దొరికితే సీజ్ చెయ్యక తప్పదు," అన్నారు. వాళ్లని అనడానికేం లేదు. తప్పు మాదే.

నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఇంజను మార్పు రాయించుకుందామంటే, మార్చే ముందు అడగాలి. మేం మార్చి ఇరవై ఏడేళ్లయింది. పొడుగు చేసిన బాడీని ఎవరూ ఒప్పుకోరు. తుక్కుకి ఇచ్చేద్దామా అంటే నాన్న ముఖం చూడలేకపోయాను. అప్పుడు కనబడింది, వింటేజ్ రిజిస్ట్రేషన్! బండి మొదటి రిజిస్ట్రేషనుకి యాభై ఏళ్లు దాటి ఉండాలి. మాది యాభై మూడు!

"నాన్నా, మన బండి పాసైపోయింది! మూడు మార్కులు ఎక్కువే వచ్చాయి!" అని అరిచాను.

"ఏటి పరీక్ష రాసిందే అది?" అన్నాడు నాన్న.

షరతు ఒక్కటే. బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను, ఏదీ మార్చి ఉండకూడదు. సరే, మార్చినదాన్ని వెనక్కి మారుద్దాం! తాతయ్య కాలం నాటి పెట్రోలు ఇంజను పశువుల పాక వెనక గోనెపట్టాల కింద ఉండనే ఉంది. అరకులో మా బండికి రిపేర్లు చేసే మెకానిక్ అప్పలరాజు దగ్గరికి ఈడ్చుకెళ్లాం. ఆయన గ్యాస్ కట్టరుతో నాన్న కలిపిన రెండున్నర అడుగుల్నీ కోసేశాడు. నిప్పురవ్వలు ఎగురుతుంటే నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. బెంచీలు పోయాయి. డీజిలు ఇంజను షెడ్డులో ఒక మూలకి చేరింది. ఇరవై ఏడేళ్ల పనిని తొమ్మిది రోజుల్లో విప్పేశాం. అంటే ఒక రోజుకి మూడేళ్లు. నేనైతే ఆ స్పీడుకి తెగ మురిసిపోయాను.

ఆఫీసర్లు వచ్చి చూశారు. చాలా బాగుంచారమ్మా అని మెచ్చుకున్నారు. కొన్నాళ్లకి వీఏ అని అక్షరాలున్న కొత్త నంబరు వచ్చింది. ప్లేటు బిగించి ఫోటో తీసి స్టేటస్ పెట్టాను. దానితో వచ్చిన కాగితాన్ని అప్పుడు పూర్తిగా చదివాను.

ఇక్కడ నా రోగం ఒకటి చెప్పాలి. ఏ కాగితం ఇచ్చినా నా కళ్లు అంకెలున్న లైన్ల మీదే పడతాయి. యాభై కనబడింది, రుసుము కనబడింది, పదేళ్ల గడువు కనబడింది. అంకె లేని లైను ఒకటి ఉంది. ఈ బండిని ప్రదర్శనకి, పాత కార్ల ర్యాలీకి, టెక్నికల్ రీసెర్చికి, ఇంధనం పోయించుకోడానికి, మరమ్మతుకి తప్ప రోడ్డు మీద నడపకూడదు. రోజువారీ వాడకం అసలు కుదరదు.

"నడపకూడదా?" అన్నాడు నాన్న.

"నడపొచ్చు నాన్నా. పెట్రోలు కొట్టించుకోడానికి వెళ్లొచ్చు."

"కొట్టించుకుని?"

"ఇంటికి రావొచ్చు."

"ఇంటికొచ్చి?"

"పెట్రోలు అయిపోతే మళ్లీ వెళ్లొచ్చు."

"ఎంత సదువు సదివించేనే నిన్ను," అని నాన్న లేచి వెళ్లిపోయాడు. మామ్మ మంచమ్మీంచి, "నా సీటు ఉందా, తీసేసేరా?" అని అడిగింది. ఉందని చెప్పాను. మామ్మ సీటు అసలు బాడీలోదే కాబట్టి రూలు ప్రకారం మిగిలింది.

సంతకి జనం నడక మొదలుపెట్టారు. జీపు ఇంటి ముందు తళతళలాడుతూ నిలబడి ఉంది. నన్ను చూస్తే పలకరించేవాళ్లు తగ్గారు.

మొన్న వానల్లో మామ్మకి ఆయాసం ఎక్కువైంది. కోసేసిన జీపులో పడుకోబెట్టే చోటు లేక, ఊరివాళ్లు వెదురు కర్రకి డోలీ కట్టి మోసుకుంటూ దింపి అరకు ఆసుపత్రిలో చేర్చారు. నేనూ నాన్నా జీపులో వెనకే దిగి, బండిని అప్పలరాజు షెడ్డులో పెట్టాం. మరమ్మతుకి కదా, చట్టబద్ధమే. నాలుగో రోజు తెల్లారాక మామ్మ పోయింది. నర్సమ్మ దుప్పటి కప్పుతుంటే నాన్న అన్నది ఒకటే మాట, "తాత పక్కన పెట్టాలి. ఇవాళే."

ఇవాళే ఎందుకంటే ఆకాశం అప్పటికే నల్లగా ఉంది. సాయంత్రం వాన దంచితే గెడ్డ దాటలేం. దాటలేకపోతే మామ్మని ఎవరిదో ఊరి శ్మశానంలో, ముక్కూముఖం తెలియనివాళ్ల మధ్య పెట్టి రావాలి. పైన గుంత తవ్వేశారు, పాస్టరుగారు చేరుకున్నారని కబురొచ్చింది.

ఆసుపత్రి బండి వేరే శవంతో పాడేరు వైపు పోయింది, ఎప్పుడొస్తుందో తెలీదు. అద్దె జీపుల వాళ్లని అడిగాం. ఆదివారం, టూరిస్టులు కిటకిటలాడుతున్నారు. "శవాన్ని ఎక్కించేనని తెలిస్తే నా బండి ఇంకెవరెక్కుతారమ్మా?" అన్నాడొకడు, బాధగానే. నాన్న నా వైపు తిరిగాడు.

"మన బండి తియ్యి."

"నాన్నా, అది ప్రదర్శనకి..."

"తియ్యి."

తీశాను. పెట్టె వచ్చింది. వడ్రంగి దగ్గర తయారుగా ఉన్నది ఆరడుగులది. కోత పడ్డాక జీపు వెనకాల నాలుగడుగులే ఉంది. నేను వెంటనే లెక్క మొదలెట్టాను. పొడుగు నాలుగు, వెడల్పు మూడు, ఐమూల ఐదు! మామ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు.

"నాన్నా, ఒక్క అడుగు కోయిస్తే ఐమూలగా సరిగ్గా..."

నాన్న ఒక్క అడుగు ముందుకి వేశాడు. "బండిని కోసేవు. ఇప్పుడు మాయమ్మ పెట్టెని కూడా కోసేత్తావేటే?"

పెట్టెని బండి పొడుగునే పెట్టి, వెనక తలుపు దింపి తాళ్లతో కట్టాం. రెండడుగులు బయటికి పొడుచుకొచ్చింది. నా చెయ్యి ఊరుకోదుగా! బయటికి వచ్చిన సరుక్కి ఎర్రగుడ్డ కట్టాలని గుర్తొచ్చి, నా ఎర్ర చున్నీ తీసి పెట్టె చివర కట్టాను.

"మాయమ్మేటి ఇనప ఊసలా?" అన్నాడు నాన్న. కానీ విప్పమనలేదు.

బయల్దేరాం. నాన్న తోలుతున్నాడు. మామ్మ సీటు ఖాళీగా ఉంది. నేను డ్రైవరు సీటు వెనకాల, పెట్టె పక్కన మోకాళ్లు ముడుచుకుని ఇరుక్కున్నాను. దారిలో గంజాయి కోసం తనిఖీ జరుగుతోంది. అది మా రోడ్డులో రోజూ ఉండేదే. ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపాడు. పెట్టెని చూడగానే ముఖం మారింది. ఆసుపత్రి కాగితం చూసి, "సరే, ఎల్లండి," అనబోయి ప్లేటు దగ్గర ఆగాడు.

"ఏటమ్మా ఈ వీఏ? ఏ రాష్ట్రం బండిది?"

అంతే. ఆంధ్రాదే సార్ అంటే సరిపోయేది. అంత చిన్న జవాబు నాకెక్కడ తెలుసు! వింటేజ్ అంటే ఏమిటో చెప్పాను. యాభై ఏళ్ల సంగతి చెప్పాను. మార్పుల షరతు చెప్పాను. మేం మార్చింది, వెనక్కి మార్చింది చెప్పాను. నాన్న సీటు వెనక్కి చెయ్యి పెట్టి నా మోకాలు గిల్లాడు. అయినా ఆగలేదు. "దీన్ని ఊరికే రోడ్డు మీద తిప్పకూడదు సార్, పర్మిషను లిమిటెడ్," అని ముగించాను.

కానిస్టేబుల్ తల గోక్కున్నాడు. "అంటే, ఇప్పుడు మీరు రూలు తప్పి వెళ్తన్నారని నువ్వే సెప్తన్నావు."

తలూపాను.

"దేనికి తిప్పొచ్చన్నావు?"

"ప్రదర్శన, ర్యాలీ, టెక్నికల్ రీసెర్చి, పెట్రోలు, రిపేరు సార్."

ఆయన పెట్టె వైపు ఒకసారి, చున్నీ వైపు ఒకసారి చూశాడు. "మీ మామ్మగారు ఇందులో దేని కిందకొస్తారమ్మా?"

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు. ఐదింటినీ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాను. నాన్న స్టీరింగు మీద తల వంచేశాడు. అప్పుడు చూశాను, నాన్న ఏడుస్తున్నాడు. మామ్మ పోయినప్పుడు ఏడవలేదు, ఇక్కడ ఏడుస్తున్నాడు.

కానిస్టేబుల్ టోపీ తీశాడు. "నేనేటీ అడగలేదు, నువ్వేటీ సెప్పలేదు. మబ్బు దిగిపోతంది. బేగి ఎల్లండి బాబూ." వాచీ చూసుకున్నాను. నా ఉపన్యాసానికి పదకొండు నిమిషాలు పట్టింది.

మట్టిదారి ఎక్కేసరికి మొదటి చినుకు పడింది. మొదటి మలుపు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడో మలుపులో ఇంజను తాతయ్య కాలంలోలాగే దగ్గడం మొదలుపెట్టింది. "ఎక్కవే, ఎక్కవే అమ్మా," అంటున్నాడు నాన్న. బండితో అన్నాడో మామ్మతో అన్నాడో తెలీదు. నాలుగో మలుపులో ఒక్కసారి గట్టిగా ఊగి ఆగిపోయింది. ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది! నాన్న బ్రేకు మీద నిలబడ్డాడు. నేను పక్కకి దూకి దొరికిన రాయల్లా టైర్ల కింద తోశాను. బండి ఆగింది, పెట్టె ఆగలేదు. తాళ్లు సడలి అర అడుగు బయటికి జారింది. వెనక్కి పరిగెత్తి వీపు ఆనించి నిలబడ్డాను. వాన నెత్తిమీద, మామ్మ వీపుమీద.

ఆ మలుపులో మాత్రం సిగ్నలు వస్తుంది. అలా నిలబడే అప్పలరాజుకి ఫోను చేశాను.

"ఇంజను ఆగిపోయింది!"

"ఎక్కడమ్మా?"

"నాలుగో మలుపు!"

"నాలుగో మలుపు దాకా ఎక్కిందా!" ఆయన గొంతులో ఎంత సంతోషమో! "అమ్మా, నువ్వేటన్నావు? ఆఫీసర్ల ముందు నూట యాభై మీటర్లు ముందుకి, యాభై మీటర్లు వెనక్కి నడిస్తే సాలన్నావు. దానికే సేసేను. కొండని నువ్వు సెప్పలేదు కదా!"

చెప్పలేదు. ఆయన మాట నిజం.

నాన్న దిగొచ్చి నా పక్కన పెట్టెకి భుజం ఆనించాడు. కిందకి పోతే మామ్మకి పరాయి మట్టి. పైకి ఇద్దరం మొయ్యలేం. గెడ్డ చప్పుడు అక్కడికే వినబడుతోంది. నిమిషనిమిషానికీ ఆ చప్పుడు లావెక్కుతోంది.

అప్పుడు పైనుంచి మనుషులు దిగుతున్న అలికిడైంది. దావీదు చిన్నాన్న, ఆయన వెనకాల ఆరుగురు. చేతుల్లో డోలీ కట్టే వెదురు కర్రలు, తాళ్లు. గెడ్డ దగ్గర నీళ్లు చూస్తూ కాపు కాస్తున్నారట. ఇంజను చప్పుడు మూడు మలుపులు వినబడి నాలుగో దాంట్లో ఆగిపోయేసరికి, ఎవరూ చెప్పకుండానే కర్రలు పట్టుకుని దిగేశారు. చిన్నాన్న బండిని చూశాడు, రాళ్లని చూశాడు, నన్ను చూశాడు.

"ఇంజిను పీకించేవు కదే. ఇప్పుడు మేవే ఇంజిను," అన్నాడు.

పెట్టెకి కర్రలు కట్టారు. నా నోరు మళ్లీ ఊరుకోలేదు. "మామ్మ నలభై ఒక్క కిలోలు, పెట్టె ఇరవై ఎనిమిది. నాన్నతో కలిపి ఎనిమిది మందికి పంచితే మనిషికి ఎనిమిదిన్నరే చిన్నాన్నా."

"అయితే నువ్వూ ఒక సెయ్యెయ్యి. ఏడున్నర అవుద్ది."

వేశాను. ఏడున్నర అనేది కాగితం మీద. కొండ మీద బురదలో కాలు జారినప్పుడు మొత్తం అరవై తొమ్మిదీ ఒక్కరి మీదే పడుతుంది. ఆ ఒక్కరు ఎవరనేది అడుగు అడుక్కీ మారుతుంది. గెడ్డలో నీళ్లు తొడల దాకా వచ్చేశాయి. పెట్టెని తలల మీదికి ఎత్తారు. నాన్న ముందు కర్రకి మెడ ఆనించి, రాయి రాయీ కాలితో వెతుక్కుంటూ నడిచాడు. అవతలి గట్టు ఎక్కాక వెనక్కి చూస్తే మేం నడిచిన రాళ్లు కనబడలేదు. ఇంకో పావుగంట ఆగి ఉంటే దాటేవాళ్లం కాదు. అప్పటికే పదకొండు నిమిషాలు నేను తినేశాను. ఈ లెక్క మాత్రం పైకి అనలేదు.

మామ్మని తాతయ్య పక్కనే పెట్టాం. గుంతలో నీళ్లు చేరితే చిన్నాన్న దిగి గిన్నెతో తోడాడు. పాస్టరుగారు వానలో గొడుగు లేకుండా ప్రార్థన చేశారు.

తర్వాత అందరూ మా అరుగు మీద తడిబట్టలతో కూర్చుని టీ తాగుతున్నారు. మోషే తాత నన్ను పిలిచాడు. ఆయన మా ఊరి పెద్ద, మామ్మ కంటే రెండేళ్లు చిన్న.

"మీ మామ్మని మొయ్యడం మాకేటి బరువు కాదే గుంటా. బతికున్నప్పుడు ఆ బండిలో మా అందరికీ ముందు సీట్లోంచి పాటలు సెప్పింది. అది కాదు. మా మనవరాలికి తొమ్మిదో నెల. రేపు దానికి నొప్పులొత్తే ఏటి సేత్తాం?"

అక్కడున్నవాళ్లంతా మా జీపు ఎక్కినవాళ్లే. ఆ బండి లేకపోతే వాళ్లలో ఇద్దరు పుట్టేవాళ్లు కాదు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

ఈ వింటేజ్ నంబరు వదులుకుని వేరే దారేముందో అడుగుతూ అర్జీ పెట్టాను. టైము పడుతుందన్నారు. అందాకా ఊరు ఊరుకోదు కదా. తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధనయ్యాక తీర్మానం చేశారు. బండి ఏర్పాటయ్యేదాకా డోలీకి రోజుకి నలుగురు చొప్పున వంతులు. లిస్టు ఎవరు రాస్తారు? లెక్కలొచ్చింది నాకే. రాశాను. మొదటి పేరు ఎవరిదో నన్నడక్కుండానే అందరూ ఒక్క గొంతుతో చెప్పేశారు.

పోయిన గురువారం మోషే తాత మనవరాలికి నొప్పులొచ్చాయి. ముందు, కుడివైపు కర్ర నాది. నాలుగో మలుపులో ఆగిన జీపుని చుట్టి దిగాం, ఘాట్ రోడ్డు దగ్గర అంబులెన్సుకి అందించాం. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. నేనే క్షేమంగా లేను. చెయ్యెత్తి జడ వేసుకోలేకపోతున్నాను.

నిన్న పింఛను పనికి దిగుతూ మోషే తాత మా గుమ్మం ముందు ఆగాడు. నాన్నని అడుగుతున్నాడు, "ఏటి బాబూ, కొత్త బండి కాళీయేనా?"

కొత్త బండి ఎక్కడిదా అని నేను బయటికొచ్చాను. నాన్న నవ్వాడు. మామ్మ పోయాక నాన్న నవ్వడం అదే మొదలు.

"కాళీయే, తోలుకెళ్లు," అన్నాడు నన్ను చూపించి. "దీనికి రిజిస్ట్రేషనక్కర్లేదు. ఎంత దూరమైనా వాడుకో."